నెత్తిన నాలుగు టన్నుల ఎండ

“ఏసీని ఆపి మళ్లీ వేస్తేనే కరెంటు ఎక్కువ కాలుతుంది. వేసినదాన్ని అలా వదిలేస్తే బిల్లు తక్కువొస్తుంది.” గుడివాడలో ఏసీలు అమ్మే కొట్టులో, బందరులో బిగించడానికి వచ్చిన మెకానిక్ నోట, అవనిగడ్డలో పెళ్లి భోజనాల దగ్గర, మార్చి దాటిందంటే ఈ మాట వినపడకుండా పోదు. ఖర్చు పెడితేనే పొదుపు అని చెప్పే సలహా ఎవరికి చేదు? విచిత్రమేమిటంటే ఇదే మాట భూగోళానికి అటువైపు తలకిందులై వినిపిస్తుంది. గుడివాడ, పామర్రు, ఉయ్యూరు చుట్టుపక్కల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. పిల్లల దగ్గర చలికాలం గడపడానికి వెళ్లిన పెద్దలకు అక్కడ ముందుగా వింతగా తోచేది రాత్రనక పగలనక నడిచే హీటరు. మనిషి లేని గదికి కూడా వెచ్చదనమే. ఎందుకని అడిగితే అక్కడా చాలామంది చెప్పేది ఒకటే: ఆపితే ఇల్లు చల్లబడుతుంది, చల్లబడ్డ ఇంటిని మళ్లీ కాచాలంటే ఇంకా ఎక్కువ ఖర్చు. చలిదేశపు హీటరునూ డెల్టా ఏసీనీ ఒకే నమ్మకం నడిపిస్తోంది. ఆ నమ్మకం రెండు చోట్లా తప్పే. అయితే అది ఎందుకు తప్పో తవ్వుకుంటూ పోతే, కృష్ణా డెల్టా ఇంటి గురించి కరెంటు బిల్లు కన్నా పెద్ద సంగతి ఒకటి బయటపడుతుంది.

గిలకలదిండి రేవులో చేపలు సర్దే థర్మోకోల్ పెట్టెను తలుచుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పెట్టెలో ఐసు ఎంత త్వరగా కరుగుతుందన్నది లోపలి చలికీ బయటి వేడికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. తేడా పెరిగేకొద్దీ వేడి అంత జోరుగా లోపలికి దూరుతుంది. సాయంత్రం మళ్లీ చేపలు వస్తాయి కదా అని పొద్దుటినుంచీ ఖాళీ పెట్టెలో ఐసు దంచి పోస్తూ కూర్చునేవాడు రేవులో కనపడడు. ఏసీ గది కూడా ఆ పెట్టె లాంటిదే. అసలు ఏసీకి ‘టన్ను’ అన్న కొలత వచ్చిందే ఐసు నుంచి: సుమారు 907 కేజీల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాక్కుంటుందో, ఒక టన్ను ఏసీ రోజుకు అంత వేడిని లాగుతుంది. బయట 38 డిగ్రీలు, లోపల 25 అనుకుందాం. తేడా 13. ఏసీ ఆపేశాక గది మెల్లగా 34కు చేరితే తేడా 4కు పడిపోతుంది, లోపలికి వచ్చే వేడి కూడా మూడో వంతుకు తగ్గిపోతుంది. సాయంత్రం మళ్లీ వేసినప్పుడు యంత్రం తోడాల్సింది ఆ తగ్గిన మొత్తాన్నే. పగలంతా నడిపి ఉంటే పూర్తి మొత్తాన్ని తోడేది. మళ్లీ వేయగానే అరగంట పాటు అది గట్టిగా మోగడం చెవిన పడుతుంది కాబట్టి ఖర్చంతా అక్కడే ఉన్నట్టు తోస్తుంది. రోజంతా సద్దు లేకుండా పోయిన ఖర్చు చెవిన పడదు. హీటర్ల విషయంలో అమెరికా ఇంధన శాఖ చెప్పేదీ ఇదే: రోజుకు 8 గంటలు థర్మోస్టాట్‌ను 7 నుంచి 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గించి ఉంచితే ఏడాదికి పది శాతం వరకు ఖర్చు కలిసొస్తుంది.

మరి మోటారు స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటో? పాతరకం కంప్రెసరు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు లాగే మాట నిజమే. వీధిలో దీపాలు ఒక్కసారి మసకబారేది అందుకే. కానీ ఆ లాగుడు సెకను కూడా ఉండదు. లెక్క కడితే అది యూనిట్‌లో వెయ్యో వంతు దగ్గర తేలుతుంది. ఇన్వర్టరు ఏసీల సంగతి ఇంతకంటే ఆలోచించదగ్గది. అవి నెమ్మదిగా నడిచేటప్పుడు ఒక్కో యూనిట్‌కు ఎక్కువ చల్లదనం ఇస్తాయి, పూర్తి జోరులో కాస్త తక్కువ ఇస్తాయి. అందుకని కూరగాయలకు వెళ్లి అరగంటలో తిరిగొచ్చేవాళ్లు ఆపినా ఆపకపోయినా పెద్ద తేడా రాదు. గంటల తరబడి ఖాళీగా ఉండే గదిలో మాత్రం ఈ వాదన నిలవదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఏసీ కాక నెలకు 150 యూనిట్లు కాల్చే ఇల్లు. రాత్రి 9 గంటలు ఏసీ నడిపితే, గంటకు 0.8 యూనిట్ చొప్పున నెలకు 216 యూనిట్లు. 2022లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్సీ) ప్రకటించిన గృహ టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, 400 దాటితే 9.75. ఆ ధరలతో ఏసీ వాటా సుమారు 1,680 రూపాయలు. అదే ఏసీని 24 గంటలూ వదిలేసి, నిలకడగా నడుస్తున్నందుకు గంటకు 0.6 యూనిట్ చాలునని ఉదారంగా ఒప్పుకున్నా, నెలకు 432 యూనిట్లు, 3,750 రూపాయల పైచిలుకు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. మన టారిఫ్ మెట్ల మీద యూనిట్లు పెరిగేకొద్దీ ఒక్కో యూనిట్ ధరే పెరుగుతుంది కాబట్టి, ఆపకుండా నడపడం వల్ల వచ్చే నష్టం అమెరికా ఇంట్లో కన్నా ఇక్కడే ఎక్కువగా తగులుతుంది.

ఇంతటితో ‘ఆపండి, పొదుపు చేయండి’ అని ముగిస్తే వ్యాసం సులువుగా అయిపోయేది. కానీ చలిదేశంలో హీటరును ఆపకపోవడానికి పొదుపు భ్రమ ఒక్కటే కారణం కాదు. 2019 జనవరి 30న చికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాటి దిగింది. అలాంటి రాత్రి హీటరు ఆగితే గోడల్లోని నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి, మర్నాటికి ఇల్లు చెరువవుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో జరిగింది అదే. మంచు తుపానులో రాష్ట్రమంతా ఒక్కసారిగా హీటర్లు వేసుకుంది, అదే చలికి విద్యుత్తు ఉత్పత్తి కేంద్రాలు మూలపడ్డాయి, 45 లక్షలకు పైగా ఇళ్లూ దుకాణాలూ చీకట్లో మిగిలాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలోనే 246 మంది చనిపోయారు. తెలుగువాళ్లు గుంపుగా ఉండే డాలస్ శివార్లలో ఆ వారం కారు ఇంజను వేసుకుని అందులో వెచ్చబడ్డ కుటుంబాలున్నాయి. అక్కడివాళ్లు హీటరును ఆపకుండా వదిలేసేది సుఖానికి కాదు, ఆగితే పగిలేది ఒకటి ఇంట్లో ఉంది గనక. కాబట్టి డెల్టాలో అడగాల్సిన ప్రశ్న ఇది: ఏసీ ఆగితే మన ఇంట్లో పగిలేది ఏమిటి?

మనిషి ఒళ్లే. అది అర్థం కావాలంటే ముందు బందరు ఎండకూ పల్నాడు ఎండకూ ఉన్న తేడా చూడాలి. పల్నాడులోని రెంటచింతల పేరు పేపర్లో ఎక్కుతుంది, బందరు పేరు ఎక్కదు. ఎందుకంటే పేపరు థర్మామీటరును చూస్తుంది, తడిని చూడదు. 44 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 36 డిగ్రీలే ఉండి తేమ 60 శాతమైతే అదే తడిగుడ్డ థర్మామీటరు 29 దాటుతుంది. చెమట పట్టిన మన ఒళ్లు ఆ తడిగుడ్డ లాంటిదే. చెమట ఆరితేనే వేడి దిగుతుంది. ఎనిమిది డిగ్రీలు తక్కువ ఉన్న బందరులో ఒంటికి చల్లబడే దారి రెంటచింతలలో కన్నా ఇరుకు. దాన్నే మనం ఉక్కపోత అని ఒక్క ముక్కలో అనేస్తాం. ఆ మాటకు సరిపడే అంకె వాతావరణ వార్తల్లో ఇప్పటికీ అరుదు. వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు దాటితే గానీ వడగాడ్పు మాట ఎత్తదు, తీరప్రాంతానికి మాత్రం 37 డిగ్రీలనే గీతగా పెట్టుకుంది. రెండు చోట్లా మామూలు కన్నా 4.5 డిగ్రీలు హెచ్చాలన్న షరతు ఉంది. తీరానికి వేరే గీత గీయడంలోనే ఒప్పుకోలు ఉంది: సముద్రం పక్కన 37 అంటే లోతట్టున 40తో సమానం.

డెల్టా ఎండాకాలం ఒకే తీరుగా ఉండదు కూడా. పడమటి గాలి గట్టిగా వీచే రోజుల్లో సముద్రపు గాలి లోపలికి రాలేక తీరం దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు బందరులో కూడా పొడి వేడి మండిపోతుంది. ఆ మధ్యాహ్నాల్లో వట్టివేళ్ల తడికలు తడిపి కట్టినా, కూలరు వేసినా ఫలితం ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగిందంటే థర్మామీటరు నాలుగైదు డిగ్రీలు దిగుతుంది, కూలరు మాత్రం ఆవిరి పొయ్యిలా మారుతుంది. నీళ్లతో చల్లబరిచే ఏ ఉపాయమైనా గాలి పొడిగా ఉన్నంతసేపే. అందుకే పొడి ప్రాంతాలవాళ్లు మెచ్చుకున్న కూలరు నాగాయలంకలో మూలన పడుతుంది. ఇక్కడి ఇంటికి తేమను పిండేసే యంత్రం కావాలి, ప్రస్తుతానికి మామూలు ఇంటికి అందుబాటులో ఉన్నది ఏసీ ఒక్కటే. దీన్ని విలాసమని కొట్టిపారేసేవాళ్లు, రాత్రంతా ఏసీ గొట్టం నుంచి కారిన నీళ్లను ఒకసారి బకెట్‌లో పట్టి చూడాలి. ఆ నీరంతా పడుకున్నవాళ్ల ఊపిరికీ చెమటకూ అడ్డుపడిన నీరు. ఒక్కో లీటరును గాలి నుంచి పిండడానికి సుమారు 0.7 యూనిట్ వేడిని బయటికి తోడాలి.

“మా తాతలు ఏసీలు ఎరుగుదురా? తొంభై ఏళ్లు బతకలేదా?” అన్నది గట్టి ఆక్షేపణే. ఎంతమంది బతకలేదో లెక్క రాసిపెట్టుకునే అలవాటు ఆనాడు లేదన్న సంగతి ఒకటి. 2003లోనూ, 2015 మే నెలలోనూ ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బ మరణాలు వెయ్యి దాటాయి. పొలంలో పనిచేసేవాళ్ల తర్వాత ఎక్కువగా పోయేది ఇంట్లో మంచాన ఉన్న ముసలివాళ్లే. పగలు పడ్డ వేడిని ఒళ్లు రాత్రి దించుకోవాలి. ఆ రాత్రి 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతే గుండెకు తీరిక దొరకదు. అయితే ఆ ఆక్షేపణలో అంతకన్నా ముఖ్యమైన నిజం ఒకటి దాక్కుని ఉంది. తాతలు వేరే ఇళ్లలో ఉన్నారు. మట్టి గోడ, మందంగా కప్పిన తాటాకు. కాస్త కలిగినవాళ్లకు మండువా లోగిలి, ఎత్తైన పెంకు కప్పు. తాటాకు కప్పు వేడిని దాచుకోదు. పొద్దు వాలిన గంటలో చల్లబడిపోతుంది. వాళ్లకు ఏసీ అక్కర్లేకపోవడానికి వాళ్ల ఓర్పు కన్నా వాళ్ల కప్పు ఎక్కువ సాయం చేసింది.

ఆ కప్పు ఎందుకు పోయిందో దివిసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1864 నవంబరు 1 ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన అధికారిక లెక్కల్లోనే దాదాపు పది వేల ప్రాణాలు తీసింది. పూరిళ్లు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. గట్టి కట్టడం ఎక్కగలిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవారి మిగిలారు. ఆ తర్వాత పక్కా ఇల్లు అన్నది ఇక్కడ హోదా మాట కాక ప్రాణం మాట అయింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, తుపాను షెల్టర్లు లేచాయి, ఊరూరా స్లాబులు పడ్డాయి. కాబట్టి స్లాబును తిట్టి, పూరిళ్లే మేలు అని పాడే పాట ఈ నేల మీద చెల్లదు. ఉప్పెనకు జవాబుగా వచ్చిన కప్పు అది. కాకపోతే నవంబరు కోసం కట్టిన ఇంట్లో మే నెలను గడపవలసి వస్తోంది, ఆ రెండో సంగతి గురించి కట్టినప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

పన్నెండడుగుల చదరపు గది తీసుకోండి. పైన ఐదంగుళాల స్లాబు. దాని బరువు సుమారు నాలుగు టన్నులు. గదిలో ఉన్న గాలినంతా తూచితే 50 కేజీలు కూడా ఉండదు, ఒక యూరియా బస్తా అంత. ఏసీ చల్లబరుస్తున్నది ఈ బస్తాడు గాలినని మనం అనుకుంటాం. అది ఐదు నిమిషాల పని. అసలు పోరు నెత్తిన ఉన్న నాలుగు టన్నులతో. ఆ కాంక్రీటు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే సుమారు ఒక యూనిట్ వేడి వదలాలి. అదే ఒక్క డిగ్రీకి గదిలోని గాలి వదలాల్సిన దానికి ఇది డెబ్భై రెట్ల పైమాట. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాట్ చొప్పున ఆ గది కప్పు మీద పోస్తుంది. నల్లబడ్డ పాత స్లాబు అందులో ముప్పావు వంతు వరకు తాగేస్తుంది. తాగిన వేడి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం రెండింటి ఎండ మన ఒంటిని తాకేది సాయంత్రం ఆరింటికి. బయట సముద్రపు గాలి తిరిగి, వీధి అరుగు హాయిగా ఉన్న వేళకు లోపలి కప్పు చెయ్యి పెట్టలేనట్టు కాలుతూ ఉంటుంది. అది అర్ధరాత్రి వరకు వేడి కక్కుతూనే ఉంటుంది. డెల్టాలో ఏసీలు ఎక్కువ కష్టపడేది నడి మధ్యాహ్నం కన్నా ఈ గంటల్లో. ట్రాన్స్‌ఫార్మర్ల మీద బరువు పడి ఓల్టేజీ దిగిపోయేదీ ఇప్పుడే. ఇంటింటి ఏసీ తోడి వీధిలో పోసిన వేడి ఇరుకు సందుల్లో పక్కింటి కిటికీలోకి వెళ్లేదీ ఇప్పుడే. ‘ఆపకుండా నడపాలా, ఆపాలా’ అని మనం వాదించుకుంటున్నది పొయ్యి మీద గిన్నె పెట్టి, దాన్ని ఏ విసనకర్రతో చల్లార్చాలా అని వాదించుకోవడం లాంటిది. ముందు చూడవలసింది పొయ్యిని. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు గుండా దిగే వేడికి గరిష్ఠ హద్దు 1.2 అని పెట్టింది. చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు ఇన్ని వాట్లు అన్న కొలత అది. ఏ పూతా లేని మన స్లాబు మూడు దాటుతుంది.

మందు ఖరీదైనది కాదు, కొత్తదీ కాదు. సున్నం. మన తీరాన గుల్లసున్నం తరతరాలుగా ఎరిగిన సరుకే. తెల్లగా సున్నం కొట్టిన డాబా పడ్డ ఎండలో మూడింట రెండొంతులకు పైగా తిప్పికొడుతుంది. గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల వరకు తేడా కనిపిస్తుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది ఈ లెక్క మీదే. వానకు సున్నం పోతుంది కదా అంటారు. పోనీయండి, ఏటా కొట్టేదే సున్నం, గోడలకు సంక్రాంతికి కొట్టడం లేదా? డాబా మీద మిరపకాయలూ వడియాలూ ఆరబెట్టుకోవాలి, నల్లబడుతుంది అంటారు. అది నిజం, అలాంటి ఇంటికి పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు పరిపించుకోవడం మేలు, ఖర్చు ఎక్కువైనా ఏళ్లకు నిలుస్తుంది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే అలవాటు గురించి మాత్రం ఒక హెచ్చరిక అవసరం. ఆవిరైన ప్రతి లీటరు నీరూ స్లాబు నుంచి చెప్పుకోదగ్గ వేడినే పట్టుకుపోతుంది, లెక్క బాగానే ఉంది. కానీ తేమగాలిలో నీరు అంతగా ఆవిరవదు, చాలావరకు తూము గుండా పోతుంది. అంతకన్నా పెద్ద గండం ఉప్పు. దివిసీమలో, శివారు గ్రామాల్లో బోరు నీళ్లు ఉప్పన. ఉప్పునీరు పగుళ్లలో దిగితే లోపలి ఇనుప ఊచలు తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులూడతాయి. మూడు వేసవులు చల్లగా పడుకోవడానికి ముప్పై ఏళ్ల స్లాబును తినేయడం ఏం లాభం?

అన్నిటికన్నా మేలైనది నీడ. కప్పుకూ నీడకూ మధ్య గాలి ఆడేలా రెండు మూడడుగుల ఎత్తున తాటాకో, కొబ్బరాకో, నర్సరీల్లో కట్టే పచ్చటి షేడ్‌నెట్టో. పూర్వం వీధిలో వేసిన చలువ పందిరినే డాబా మీదికి ఎక్కించడమన్న మాట. ఇక్కడ డెల్టా వాసి అడిగే ప్రశ్న ముందే వినిపిస్తోంది: గాలివాన వస్తే? మే నెల కదా అనడానికి లేదు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను తొమ్మిది వందల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. కాబట్టి ఇక్కడి పందిరికి ఒక షరతు ఉంది, తుపాను హెచ్చరిక వినగానే గంటలో విప్పి కట్టకట్టి పెట్టేలా ఉండాలి. ఎండు తాటాకు నిప్పుకు లొంగుతుంది కాబట్టి వంటింటి పొగగొట్టం పక్కన నెట్టే నయం. స్థోమత ఉన్నవాళ్లకు సౌర పలకలు రెండు పనులు చేస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. కరెంటు ఇస్తాయని అందరూ చెబుతారు, వాటి కింద ఉన్న స్లాబు నీడన ఉంటుందన్న మాట మాత్రం అమ్మేవాళ్లే మరచిపోతారు. గాలికి లేవకుండా చట్రాన్ని గట్టిగా బిగించడం మన తీరంలో రాయితీ కన్నా ముఖ్యం.

కప్పు సంగతి చూసుకున్నాక ఏసీ ప్రశ్న మళ్లీ వస్తుంది, ఈసారి చిన్నదై వస్తుంది. దానికి జవాబు రొయ్యల చెరువు రైతు దగ్గర ఉంది. నాగాయలంక, కోడూరు వైపు ఏరియేటర్లను రోజంతా ఒకే తీరున తిప్పి డబ్బు తగలేసేవాడు తక్కువ. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుందని, ఆ గంటల్లో ఆపితే చెరువు తేలిపోతుందని అతనికి తెలుసు. కాబట్టి అప్పుడు కరెంటు పోతే జనరేటరు వేసైనా తిప్పుతాడు, ఎండ బాగా కాసే పగటి పూట ఆపుతాడు. ఇంటికీ అంతే. డెల్టా ఇంటికి ఆపకూడని గంటలు రాత్రివి, ఆపకూడని మనుషులు కొందరు. ఖాళీ గదికి ఆపాలి, రెండు గంటలు బయటికి వెళ్తే ఆపాలి, ఆపినప్పుడు తలుపులూ కిటికీలూ తేమగాలికి బార్లా తెరవకూడదు. తెరిస్తే పరుపూ బట్టలూ బీరువా చెక్కా తాగిన తడినంతా రాత్రి మళ్లీ పిండాలి. పక్షవాతంతో మంచాన ఉన్న పెద్దాయన, నెలల బిడ్డ, గుండెజబ్బు ఉన్న అమ్మమ్మ ఉన్న గదిలో ఉక్కపోత రోజుల్లో పగలైనా సరే 27 దగ్గర పెట్టి ఫ్యాను వేసి వదిలేయాలి, బిల్లును చూసి వాళ్ల చెమటను లెక్కపెట్టకూడదు. చికాగో గొట్టం మన ఇంట్లో ఈ మనిషే. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ 24 దగ్గరే మొదలవుతున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. ఫ్యాను తోడుంటే 26, 27 చాలామందికి హాయిగానే ఉంటుంది. మరీ పెంచితే మన గాలిలో తేమ పిండడం తగ్గి మళ్లీ ఉక్క మొదలవుతుంది, అందుకే పొడి ప్రాంతాలవాళ్లు చెప్పే 28, 29 సలహాను బందరు వాళ్లు గుడ్డిగా పాటించనక్కర్లేదు. చిన్న గదికి పెద్ద ఏసీ కొనడం ఇంకో పొరపాటు. అది గాలిని టక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ అలాగే మిగులుతుంది, చల్లగా జిగటగా ఉంటుంది.

ఇదంతా ఏసీ కొనగలిగినవాళ్ల మాట. సెంటు, సెంటున్నర స్థలంలో లేచిన ప్రభుత్వ కాలనీల మాటేమిటి? ఊరి చివర, చెట్టు మొలవని మెరక చేసిన నేలలో, 340 చదరపు అడుగుల ఇంటి మీద సుమారు తొమ్మిది టన్నుల స్లాబు. అందులో ఏసీ ఆపాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టదు. పైన చెప్పిన ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు రాసినది, ఈ కాలనీలు దాని చూపు కిందికే రావు. ఎవరి కప్పు ఎక్కువ కాలుతుందో వాళ్లకే నియమం లేదు. ఇల్లు మంజూరు చేసే అంచనాలో సిమెంటు బస్తాలు, ఇనుము, ఇసుక విడివిడిగా రాస్తారు. ఆ జాబితా చివర డాబా పైకి సున్నం అని ఒక వరుస చేరిస్తే, ఇంటి మొత్తం ఖర్చులో అది కనపడనంత చిన్నది. కొట్టాల్సిన వేళ మాత్రం తప్పకూడదు. సున్నం పట్టడానికి నాలుగు పొడి రోజులు, తడి ఆరనివ్వకుండా రెండు పూటలా కాసిని మంచినీళ్లు కావాలి. ఉగాదికి ముందు, కాలువల్లో ఇంకా నీళ్లున్నప్పుడు, డాబా మీద కాలు పెట్టగలిగినప్పుడు ఆ పని అయిపోవాలి. రోహిణి కార్తె వచ్చాక మధ్యాహ్నం పన్నెండింటికి ఆ మెట్లెక్కి కుంచె పట్టుకునేవాడు దొరకడు.